పెద్ద దవాఖాన ముందర ఏమివ్వాలి, ఎట్ల ఇవ్వాలి

వరంగల్ ఎంజీఎం దవాఖానకు ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్, జనగామ దిక్కు నుంచి రోగి ఒక్కరు వస్తే వెంట ఇద్దరు ముగ్గురు వస్తారు. రోగికి మంచం ఉంటుంది, చూసే డాక్టర్ ఉంటాడు, వార్డులోకి భోజనం వస్తుంది. వెంట వచ్చినవాళ్ల సంగతి వేరు. కూలి పోతుంది, నిద్ర పోతుంది. చేతిలో ఉన్న పైసలు మందులకో స్కానింగ్‌కో పనికొస్తాయని దాచుకొని, చాయ్, బన్నుతో పూట గడుపుతారు. మూడో రోజుకు వాళ్లకూ కళ్లు తిరుగుతాయి. కష్టంలో ఉన్నవాళ్లకు ఏమైనా చేయాలనుకునే మనిషికి మన ఊళ్లో ఇంతకన్నా దగ్గర్లో, ఇంతకన్నా అవసరమైన పని ఇంకోటి లేదని నా నమ్మకం.

ఇప్పుడు జరుగుతున్న దానాల్లో ఎక్కువ భాగం పుట్టినరోజులకు, వర్ధంతులకు పంచే అరటిపండ్లు, బ్రెడ్డు ప్యాకెట్లు. ఇచ్చేవాళ్ల మనసు మంచిదే, తప్పు పట్టను. చిక్కంతా వేళతో. పదకొండు, పన్నెండు గంటల మధ్య మూడు బృందాలు ఒకేసారి వస్తాయి, ఒక్కో మంచం మీద డజను పండ్లు పోగవుతాయి, సాయంత్రానికి నల్లబడతాయి. రాత్రి ఎనిమిది తర్వాత, తెల్లవారి ఆరింటికి ముందు అడిగే నాథుడు ఉండడు. ఇంకో ఇబ్బంది కూడా ఉంది. పొద్దున ఆపరేషన్ ఉన్న మనిషికి రాత్రి నుంచే ఏమీ పెట్టొద్దని చెప్పి ఉంటారు. అది తెలియక ఎవరో పండు చేతిలో పెడతారు, ఆయన తింటాడు, ఆపరేషన్ వాయిదా పడుతుంది. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు అరటిపండులోని పొటాషియం నేరుగా ప్రమాదం. అందుకే రోగి చేతికి ఏదిచ్చినా ముందు వార్డు సిస్టర్‌ను అడగాలి. అడిగే ఓపిక లేకపోతే రోగిని వదిలేసి పక్కన కూర్చున్న మనిషికి పెట్టండి.

పక్కనున్న మనిషికి ఎండాకాలంలో అంబలిని మించింది లేదు. ఉత్తర తెలంగాణలో ఏప్రిల్, మే నెలల్లో ఎండ 44, 45 డిగ్రీలకు పోతుంది. ఆ ఎండకు తిండి సహించదు, అంబలి మాత్రం లోపలికి దిగుతుంది. అందులో నీళ్లున్నాయి, ఉప్పుంది, ఆకలి తీర్చే పిండి ఉంది. అంబలి కాచే తైదలు, అంటే రాగులు, 100 గ్రాముల్లో 300 మిల్లీగ్రాముల పైనే కాల్షియం ఉంటుంది. పైగా ఇది మన ఇండ్లల్లో అందరికీ అలవాటున్న తిండి. ముసలవ్వ కూడా మొహమాటం లేకుండా గ్లాసు చాపుతుంది.

100 మందికి తలా పావు లీటరు పోయాలంటే 25 లీటర్లు కావాలి. దానికి తైద పిండి 2 కిలోలు, పెరుగు 3 కిలోలు, ఉప్పు 150 గ్రాముల లోపు, ఉల్లిగడ్డ కిలో, కొంచెం జీలకర్ర, కరివేపాకు. పిండిని ముందు రాత్రి 4 లీటర్ల చల్లనీళ్లలో ఉండలు లేకుండా కలిపి, మీద బట్ట కట్టి పెట్టాలి. మే నెలలో ఎనిమిది గంటలు చాలు, అంతకన్నా ఎక్కువ ఉంటే పులుపు మితిమీరి చిన్న పిల్లలు తాగరు. పులిసిన పిండిని అల్యూమినియం గంజులో ఉంచొద్దు. పులుపు ఆ లోహాన్ని తింటుంది, రుచీ మారుతుంది. మట్టికుండ లేదా స్టీలు బగోనె వాడండి.

పొద్దున 14 లీటర్ల నీళ్లు ఉప్పు వేసి తెర్లనివ్వాలి. తెర్లేటప్పుడు మంట తగ్గించి, నానిన పిండిని సన్నని ధారగా ఒకరు పోస్తుంటే ఇంకొకరు తెడ్డుతో ఆపకుండా తిప్పాలి. ఇది ఒక్క మనిషి పని కాదు. ఒక్కరే రెండూ చేయబోతే అడుగంటుతుంది, లేదా ఉండలు కడుతుంది. అడుగంటిన వాసన మొత్తం 25 లీటర్లకూ పడుతుంది, తర్వాత ఏం కలిపినా పోదు. అడుగంటినట్టు అనిపిస్తే గోకకుండా పైదాన్ని వెంటనే వేరే గిన్నెలోకి వంపుకోవాలి. సన్నని మంట మీద ఇరవై నిమిషాలు ఉడకాలి. పచ్చి వాసన పోయి, పైన నిగనిగ మెరుపు వస్తే అయినట్టు. జొన్న రవ్వతో చేస్తే దీనికి రెట్టింపు సేపు పడుతుంది.

కొత్తగా చేసేవాళ్లు ఎక్కువగా పొరబడేది చిక్కదనం దగ్గర. వేడిగా ఉన్నప్పుడు సరిగ్గా ఉందనిపించిన అంబలి చల్లారాక ముద్దవుతుంది. అందుకని పొయ్యి మీద ఉన్నప్పుడు చారంత పలుచగా కనబడాలి. తర్వాత చల్లార్చడం. పెద్ద టబ్బులో నీళ్లు పోసి అందులో బగోనె దించి, నీళ్లు రెండుసార్లు మారుస్తూ మధ్యమధ్య కలిపితే గంట, గంటన్నరలో చల్లారుతుంది. చెయ్యి పెడితే వెచ్చగా కూడా తగలని స్థితికి వచ్చాకే సల్ల కలపాలి. 3 కిలోల పెరుగుకు 3 లీటర్ల నీళ్లు పోసి చిలికితే 6 లీటర్ల సల్ల వస్తుంది. తొందరపడి వేడిలో పోస్తే విరిగి తెట్టెలు తెట్టెలుగా తేలుతుంది. ఉల్లిగడ్డ ముక్కలను అంబలిలో కలపకుండా పక్కన గిన్నెలో పెట్టండి. కలిపితే రెండు గంటల్లో వాసన పడుతుంది. మామిడికాయ తొక్కు ఉంటే ఇంక వేరే ఏమీ అక్కర్లేదు.

ఎనిమిదింటికి పోయడం మొదలుపెడితే పన్నెండు లోపు అయిపోవాలి. సల్ల కలిపిన అంబలి ఆ ఎండలో నాలుగు గంటలకు మించి ఆగదు. మిగిలిందని సాయంత్రానికి దాచి పోయడం దయ అనిపించుకోదు, వాంతులు విరేచనాలతో ఇంకో మంచం నింపడమే అవుతుంది. మొదటి వారం 25 లీటర్లు చేసి, ఎంత పోయిందో నోట్‌బుక్‌లో రాసుకొని, దాన్ని బట్టి పెంచండి.

గ్లాసుల విషయం చిన్నదే కానీ అక్కడే చాలా అంబలి కేంద్రాలు చెడిపోతాయి. కాగితపు కప్పులు రోడ్డు మీద గుట్టలు పడతాయి, నాలుగు రోజులకు మున్సిపాలిటీ వాళ్లో పక్క దుకాణం ఆయనో లేపేస్తారు. 60 స్టీలు గ్లాసులు, మూడు టబ్బులు పెట్టుకోండి. ఒకదాంట్లో సబ్బు నీళ్లు, రెండోదాంట్లో మంచినీళ్లు, మూడోదాంట్లో వేడినీళ్లు. నీళ్లు మురికి కాకముందే మార్చాలి. అంబులెన్సులు తిరిగే దారిలో టేబుల్ వేయకూడదు. స్థలం ముందే దవాఖాన సూపరింటెండెంట్ ఆఫీసులో చెప్పి, ట్రాఫిక్ పోలీసులను అడిగి ఖాయం చేసుకోవాలి.

ఇంకోటి. బాగా అవసరమున్న మనిషి గేటు దాకా రాడు. బిడ్డ సెలైన్ ఎప్పుడు అయిపోతుందోనని సీసా వైపు చూస్తూ కూర్చున్న తల్లి మంచం వదిలి లైన్లో నిలబడదు. అందుకే ఎవరైనా రెండోసారి వస్తే "ఇందాక తాగినవు కదా" అనొద్దు. "పైన ఎవరన్న ఉన్నరా అక్కా, సీసా తెచ్చుకో, పోసిస్త" అనండి. ఖాళీ నీళ్ల సీసాలు కడిగి పది పక్కన పెట్టుకుంటే ఇంకా నయం.

చలివేంద్రం కూడా అంబలి టేబుల్ పక్కనే. మట్టి రంజన్లు కొన్నాక ఒక రోజు నీళ్లు నింపి ఉంచి పారబోయాలి, లోపల సబ్బు తగలనీయకూడదు. కింద ఇసుక పోసి తడపండి, చుట్టూ తడి గోనెసంచి కట్టండి, గాలి ఆడే నీడలో పెట్టండి. నాలుగు దిక్కులా ఫ్లెక్సీలు కట్టి గాలి ఆపితే కుండ చల్లబరచదు, ఎందుకంటే మట్టి రంధ్రాల గుండా ఊరిన చెమ్మ గాలికి ఆరితేనే లోపలి నీళ్లు చల్లబడతాయి. మన బోరు నీళ్లలో ఉప్పులెక్కువ, నెల తిరిగేసరికి ఆ రంధ్రాలు మూసుకుపోతాయి. కొబ్బరిపీచుతో బయట రుద్దితే కొంత తెరుచుకుంటాయి, ఏటా మాత్రం కొత్తవి కొనాల్సిందే. ముంచడానికి పొడుగు కాడ గరిటె ఉండాలి, చేతి వేళ్లు నీళ్లలో మునగకూడదు.

తిండి, నీళ్ల తర్వాత ఎక్కువ పనికొచ్చేది చదువొచ్చిన మనిషి ఒక గంట. ఓపీ చీటీ ఎక్కడ, రక్తపరీక్ష ఎక్కడ, రిపోర్టు ఎన్నింటికి, ఇవి చదవలేక తిరిగేవాళ్లు రోజూ కనబడతారు. ఏటూరునాగారం, తాడ్వాయి దిక్కు గూడేల నుంచి వచ్చిన కోయవాళ్లలో కొందరికి మన తెలుగే కష్టం, ఇంక బోర్డుల మీద రాతలు ఎవరు చెప్పాలి? ఆరోగ్యశ్రీ కింద చూపించుకోవాలంటే ఆధార్, రేషన్ కార్డు, వాటి జిరాక్సులు దగ్గరుండాలి. దవాఖానలో ఈ పథకం పని చూసే ఆరోగ్యమిత్ర కూర్చునే చోటు చూపించాలి. తెలంగాణలో ఈ పథకం పరిమితిని 2023 డిసెంబర్‌లో 10 లక్షల రూపాయలకు పెంచారు, అయినా కార్డు ఇంట్లో మరిచి వచ్చి బయట అప్పు చేసే కుటుంబాలు ఉన్నాయి. జేబులో వంద రూపాయల చిల్లర జిరాక్సులకు, రెండు రకాల పిన్నులున్న ఒక ఫోన్ చార్జరు, ఒక పెన్ను, పది ప్లాస్టిక్ కవర్లు. ఇంత సామానుతో ఒక పొద్దంతా పనికొచ్చే సాయం చేయవచ్చు. కవర్లు ఎందుకంటే డిశ్చార్జి కాగితం చెమటకో వానకో తడిస్తే తర్వాతిసారి కథంతా మొదటి నుంచి చెప్పుకోవాలి.

మందుల చీటీ దగ్గర ఒక పద్ధతి బాగా నడుస్తుంది. చదువురాని వాళ్లకు ప్రతి మందు కవరు మీద బొమ్మ గీసివ్వండి. పొద్దుటికి కొండ మీద లేస్తున్న సూర్యుడు, పగటికి నడినెత్తి సూర్యుడు, రాత్రికి చంద్రవంక. తిన్నాక వేసుకునేదైతే బువ్వ ఉన్న కంచం, తినకముందైతే ఖాళీ కంచం. ఒక గోలీకి ఒక నిండు చుక్క, సగం గోలీకి సగం సున్న. గీసిన తర్వాత వాళ్ల చేతనే తిరిగి చెప్పించుకోవాలి: "అవ్వా, ఈ తెల్ల గోలీ ఎప్పుడేసుకుంటవు?" అప్పుడు తెలుస్తుంది ఎక్కడ అర్థం కాలేదో. మన సొంత తెలివితో మాత్రం చీటీ చదవొద్దు. ఏ మందు ఎప్పుడో ఫార్మసీలో మందులిచ్చే ఆయనతోనో, సిస్టర్‌తోనో చెప్పించుకొని ఆ తర్వాతే గీయాలి.

మాట విషయంలో ఒకటి గట్టిగా చెప్పాలి. పురుగుల మందు తాగి వచ్చిన మనిషి ఇంటివాళ్లను "ఎందుకు తాగిండు?" అని అడగొద్దు. వాళ్లు ఆ ప్రశ్నకు అప్పటికే పదిమందికి జవాబు చెప్పి ఉంటారు, పోలీసులకూ చెప్పాలి. "పొద్దున్నుంచి ఏమన్న తిన్నరా?" అని అడగండి, చాలు. "అంతా మంచే జరుగుతది" అని మనకు తెలియని హామీ ఇవ్వడం కూడా మంచిది కాదు, రేపు ఆ మాట వాళ్లను గుచ్చుతుంది. పక్కన పది నిమిషాలు ఊరికే కూర్చోవచ్చు. మనసు కుంగినవాళ్లకు టెలీ మానస్ నంబర్ 14416 రాసివ్వవచ్చు, అందులో తెలుగులో మాట్లాడతారు, పైసలు పడవు.

ప్రాణం పోయినప్పుడు ఇంటివాళ్లకు ఏం చేయాలో తోచదు. ప్రమాదం, పురుగుల మందు, పాముకాటు కేసుల్లో పోలీసు పంచనామా కాకుండా శవాన్ని ఇవ్వరు, దానికి గంటలు పడుతుంది. కావాలని ఆపుతున్నారని కోపాలు రేగేది ఇక్కడే. ముందే నెమ్మదిగా చెబితే సగం బాధ తగ్గుతుంది. సర్కారు దవాఖానలో చనిపోయినవాళ్లను ఊరికి చేర్చే ఉచిత వాహనాలు 2016 నుంచి ఉన్నాయి. ఆ సంగతి తెలియక ప్రైవేటు బండికి వేలకు వేలు మాట్లాడుకునే వాళ్లను ఆపి, ముందు లోపల అడగమనాలి.

రక్తం గురించి రెండు ముక్కలు. 18 నుంచి 65 ఏళ్ల మధ్య ఉండి, 45 కిలోల పైన బరువు, హిమోగ్లోబిన్ 12.5 ఉన్నవాళ్లు ఇవ్వవచ్చు. మగవాళ్లు మూడు నెలలకు, ఆడవాళ్లు నాలుగు నెలలకు ఒకసారి. ఎర్రకణాలు ఐదారు వారాలు నిలవ ఉంటాయి, ప్లేట్‌లెట్లు ఐదు రోజులే. ఒక నాయకుడి పుట్టినరోజున 200 మంది ఒకేసారి ఇస్తే అందులో ప్లేట్‌లెట్లు చాలామటుకు వృథా పోతాయి, మే నెలలో కాలేజీలు మూతపడితే ఇచ్చేవాడు దొరకడు. తలసేమియా పిల్లలకు రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కాలి, వాళ్లకు సెలవుల్లేవు. మీ పేరు, గ్రూపు బ్లడ్ బ్యాంకులో రాయించి, పిలిచిన రోజున పోవడమే మేలు.

ఇదంతా ఎవరి పైసలతో? ఈ ప్రశ్న దగ్గరే చాలామంది ఆగిపోతారు. మిగిలినప్పుడు ఇద్దామనుకుంటే ఏ నెలా మిగలదు. 1261 నాటి మల్కాపురం శాసనం గుంటూరు సీమలోది. అందులో ఓరుగల్లు ఏలిన రుద్రమదేవి కాలంలో ఇచ్చిన ఊరి రాబడి నుంచి ప్రసూతిశాలకు, ఆరోగ్యశాలకు భాగం కేటాయించినట్టు ఉంది. అక్కడ చూడాల్సింది ఆ పద్ధతి. పండిన పంటలో భాగం ముందే పక్కకు పోయింది, తర్వాతే మిగతా ఖర్చులు. ఇంటికీ అదే లెక్క పనికొస్తుంది. జీతం పడ్డ రోజే, కిరాణా చీటీ రాయకముందే, అనుకున్న మొత్తం డబ్బాలో పడాలి.

పైన చెప్పిన 25 లీటర్ల అంబలికి పిండి, పెరుగు, ఉల్లిగడ్డ, గ్యాస్ కలిపి రోజుకు సుమారు 450 రూపాయలు వేసుకోండి, గ్లాసుకు నాలుగైదు రూపాయలు. నెలకు 13,500. ఐదు కుటుంబాలు పంచుకుంటే ఒక్కొక్కరికి 2,700. ఉగాది నుంచి మిరుగు (మృగశిర కార్తె) దాకా రెండు, రెండున్నర నెలలు నడపాలి. మధ్యతరగతి ఇంట్లో ఈ 2,700 ఎక్కడ దొరుకుతుందో నాకు తెలిసినంతలో చెప్తాను.

మన దిక్కు ఇండ్లను కుంగదీసేది రోజువారీ తిండి ఖర్చు కాదు, దావత్‌లు. పుట్టెంటికలు, చీరల ఫంక్షన్, ధోతి ఫంక్షన్, గృహప్రవేశం, చివరికి దశదినకర్మకు కూడా టెంటు, మటన్, కూల్‌డ్రింకులు, ఫ్లెక్సీలు. వాళ్లు 300 మందికి పెట్టారని మనం 500 మందికి పెడతాం, వడ్డీకి తెస్తాం. ఆ వడ్డీ కట్టలేకనే ఇంట్లో జబ్బు మనిషికి మందులు ఆపే కుటుంబాలు ఉన్నాయి. కాబట్టి పొదుపు మొదలవాల్సింది అక్కడ. దగ్గరి చుట్టాలను పిలిచి, ఇంటి ముందర వండి, కడుపునిండా పెట్టండి. పెట్టుపోతల చీరలు, తువ్వాలలు వద్దని పత్రికలోనే రాయండి. మొదటి ఇంటివాళ్లకు మాట పడుతుంది, నిజమే. రెండో ఇంటివాళ్లకు అదే ధైర్యం.

రోజువారీలో చేసేవి చిన్నవే. రాత్రి పూట జొన్నరొట్టె, పప్పో తొక్కో. నడుస్తున్న ఫోన్‌ను పక్కన పడేసి కిస్తుల మీద కొత్తది తీసుకోకపోవడం. కిలోమీటరు దూరానికి బండి తీయకపోవడం. అదే సమయంలో కొన్నిటిని ముట్టకూడదు: ఇంట్లో పెద్దవాళ్ల మందులు, పిల్లల పాలు, పండ్లు, ఇంటికొచ్చిన మనిషికి పెట్టే బువ్వ. ఇంటివాళ్ల నోరు కట్టి బయట పెడితే ఇంట్లో ఆడవాళ్ల మీద బరువు పడుతుంది, ఆరు నెలల్లో ఆ పని ఆగిపోతుంది. అప్పు చేసి దానం అసలే వద్దు.

పాత బట్టలు ఇచ్చేవాళ్లకు ఒక మాట. చిరిగినవి, బొత్తాలు ఊడినవి మూటకట్టి పడేయకండి. దవాఖానలో ఎక్కువ పనికొచ్చేవి లుంగీలు, తువ్వాలలు, పాత మెత్తటి నూలు చీరలు, బాలింతలకు ముందు తెరుచుకునే నైటీలు. ఉతికి, ఎండలో ఆరేసి, మడతపెట్టి, మగవాళ్లవి ఆడవాళ్లవి వేరు చేసి ఇవ్వండి. జీన్సులు, పట్టు బట్టలు అక్కడ ఎవరికీ అక్కర్లేదు.

మనుషుల సంగతి పైసల కన్నా కష్టం. ఉగాదినాడు రిబ్బను కత్తిరించేటప్పుడు ముప్పై మంది ఉంటారు, మే రెండో వారానికి ఇద్దరు మిగులుతారు, ఆ ఇద్దరూ అలసి చిరాకుతో లైన్లో ఉన్నవాళ్ల మీద కసురుతారు. అలా కసిరే స్థితికి రాకముందే ఏర్పాటు ఉండాలి. ఒక్కో జట్టుకు వారంలో ఒకే రోజు. జట్టులో ముగ్గురు: ఇద్దరు వండడానికి, ఒకరు గ్లాసులకు, పోసేటప్పుడు ముగ్గురూ. రాలేని మనిషి బదులు మనిషిని తానే వెతికి పంపాలి. తాళంచెవి, లెక్కల నోట్‌బుక్ ఒకరి చేతి నుంచి ఇంకొకరి చేతికి మారుతూ పోవాలి. ఆ నోట్‌బుక్‌లో ఎవరెంత ఇచ్చారు, ఎంత ఖర్చయింది అన్నది ఎవరడిగినా చూపించాలి. ఫొటోలు దిగితే మన జట్టు మనుషులవే దిగండి, గ్లాసు పట్టుకున్న మనిషి ముఖం అందులో పడకూడదు.

మిరుగు చినుకులు పడ్డాక అంబలి తాగేవాళ్లు తగ్గుతారు. అప్పుడు బగోనెలు తోమి బోర్లించి, రాత్రి పూట వేడి కిచిడీకి మారవచ్చు. 10 కిలోల బియ్యానికి 3 కిలోల పెసరపప్పు వేస్తే 100 మందికి సరిపోతుంది. ఆ కాలంలోనే డెంగీ మొదలవుతుంది, ప్లేట్‌లెట్ల కోసం పిలుపులు వస్తాయి. డిసెంబర్‌లో చద్దర్లు కావాలి. వరండాలో బండల మీద పడుకునేవాళ్లకు పైన కప్పుకునే దానికన్నా కింద పరుచుకునే చాప ముందు అవసరం, చలి బండల్లోంచే ఎక్కువ పడుతుంది. ఒక్కో చద్దరుకు ఒక చాప చొప్పున జతగా కొనండి.